డబ్బులు పడ్డాయా అండీ?

ఏలూరులో చేపలు కొన్నా, తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయలు కొన్నా, కైకలూరులో టీ తాగినా బేరం చివర్లో వచ్చే ప్రశ్న ఒకటే: "పడ్డాయా అండీ?" అడిగేది ఒక్కోసారి మనం, ఒక్కోసారి కొట్టాయన. ఇద్దరం కలిసి కౌంటర్ మీదున్న చిన్న డబ్బా వైపు చూస్తాం. అది "నూట ఇరవై రూపాయలు అందాయి" అని అరిచిందా, కథ సుఖాంతం. అరవకపోతే మాత్రం ఆ పది సెకన్లు ఎంత ఇబ్బందో మీకు తెలియంది కాదు. చేతిలో సంచి, వెనకాల క్యూ. సంచి పట్టుకుని వెళ్లిపోతే ఎగ్గొట్టినట్టు ఉంటుంది. వదిలేసి వెళ్తే మన డబ్బులు పోయినట్టు ఉంటుంది.

ఈ పది సెకన్ల ఇబ్బంది యూపీఐతో పుట్టిందేం కాదు. మనిషి బదులు యంత్రం డబ్బు తీసుకోవడం మొదలైన రోజు నుంచీ ఉంది. డబ్బు పుచ్చుకునే యంత్రం కనిపెట్టాలనుకున్న ప్రతివాడూ మూడు చిక్కుముడులు విప్పాలి. ఒకటి, వేసింది నిజమైన డబ్బేనా? రెండు, ఆ డబ్బుకు తగ్గ పని జరిగిందా? మూడు, జరక్కపోతే డబ్బు ఎవరు వెనక్కిస్తారు, ఎప్పుడిస్తారు?

మొదటి రెండూ బాగానే విప్పారు. మూడోది ఇప్పటికీ మన మెడకే చుట్టుకుని ఉంది. ఈ వారం ఆ కథే. మీరు పుట్టకముందు మీ ఊరి సెంటర్లో ఉన్న టెలిఫోన్ బూత్ కూడా ఈ కథలో ఉంది.

గంట కొట్టిన నాణెం

ఒకటో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హీరో అనే ఇంజినీరు ఉండేవాడు. సినిమా హీరో కాదండీ, ఆయన పేరే అది. గుళ్లో తీర్థం ఇచ్చే యంత్రం ఒకటి వర్ణించాడు. పైనుంచి నాణెం వేస్తే లోపలి పలక మీద పడుతుంది. ఆ బరువుకు పలక వంగి మూత తెరుచుకుంటుంది, కాసిని నీళ్లు వస్తాయి. నాణెం జారిపోగానే మూత మూసుకుంటుంది. బరువే డబ్బుకు సాక్ష్యం. అంతే బరువున్న రాయి వేస్తే దానికి తేడా తెలీదు, అది వేరే సంగతి.

అక్కణ్నుంచి 1889కి దూకుదాం. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్లో విలియం గ్రే ఒక బ్యాంకులో నాణెం వేసి మాట్లాడే ఫోను పెట్టించాడు. భార్యకు జబ్బు చేస్తే డాక్టర్‌ను పిలవడానికి పక్కనున్న ఫ్యాక్టరీ వాళ్లు ఫోను ఇవ్వనన్నారనీ, ఆ కోపంలోంచే ఈ ఆలోచన పుట్టిందనీ చెబుతారు.

ఆ ఫోను మరీ సొంతంగా పనిచేసేది కాదు. ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరమ్మ ఉంటుంది. "ఇంత వెయ్యండి" అంటుంది. మనం నాణెం వేస్తాం. కానీ ఎక్కడో కిలోమీటర్ల దూరంలో కూర్చున్న ఆవిడకి మనం వేశామో లేదో ఎలా తెలుస్తుంది? దానికి గ్రే చేసిన ఏర్పాటు గంట. పడే నాణెం దారిలో గంటను కొడుతుంది. ఒక్కో రకం నాణేనికి ఒక్కో శబ్దం. ఫోను తీగలోంచి ఆ గంట ఆవిడ చెవిన పడుతుంది. విని, లెక్క చూసుకుని, అప్పుడు మాట కలుపుతుంది.

ఇప్పుడు మన చేపల మార్కెట్లో అరిచే డబ్బాను చూడండి. దాని పనీ అదే కదా. డబ్బు పడినట్టు అమ్మేవాళ్ల చెవిన వెయ్యడం. ఆవిడ చేతులు చేపల పనిలో తడిగా ఉంటాయి, మాటిమాటికీ ఫోన్ తీసి మెసేజ్ చూసుకోలేదు. అందుకే సాక్ష్యం చెవికే అందాలి. గ్రే గంటకూ మన సౌండ్‌బాక్సుకూ మధ్య వందేళ్లకు పైగా తేడా ఉంది. తెలివి మాత్రం ఒక్కటే.

మెరుపు కాల్‌కు ఎనిమిది రెట్లు

మన దగ్గరికి వద్దాం. మీ తాతయ్యనో నాయనమ్మనో అడగండి, ట్రంకాల్ అంటే ఏంటని. వేరే ఊరికి ఫోను చేయాలంటే పోస్టాఫీసుకో ఎక్స్ఛేంజ్‌కో కాల్ "బుక్" చేసుకుని కూర్చోవాలి. లైను ఎప్పుడు కలుస్తుందో ఆపరేటర్ దయ. మామూలు కాల్‌కు ఒక రేటు. అర్జెంట్ కాల్‌కు రెట్టింపు. లైట్‌నింగ్ కాల్‌కు ఎనిమిది రెట్లు. ఎవరైనా పోయారన్న కబురు చెప్పాలన్నా ఈ లెక్కలు తప్పేవి కాదు. "పీపీ కాల్" అని ఇంకోటి. ఫలానా మనిషే లైనులోకి వస్తేనే కాల్ మొదలైనట్టు లెక్క.

ఆపరేటర్ లేకుండా మనమే నంబర్ తిప్పి పరాయి ఊరికి మాట్లాడే ఎస్టీడీ దేశంలో 1960లో కాన్పూర్, లక్నోల మధ్య మొదలైంది. అది పల్లెలదాకా రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1984లో సీ-డాట్ పెట్టారు. ఒడిశాలోని టిట్లాగఢ్‌లో పుట్టి అమెరికాలో టెలిఫోన్ ఇంజినీరుగా పేరు తెచ్చుకున్న శామ్ పిట్రోడా దానికి ఊపిరి. విదేశీ ఎక్స్ఛేంజీలకు ఏసీ గది కావాలి. మన పల్లెలో కరెంటే నమ్మకం లేదు, ఇంక ఏసీ ఎక్కడ? అందుకని ఏసీ అక్కర్లేని, దుమ్మునీ వేడినీ తట్టుకునే 128 లైన్ల చిన్న పల్లె ఎక్స్ఛేంజ్ తయారుచేశారు. మొదటిది 1986లో కర్ణాటకలోని కిట్టూరులో పెట్టారు.

దాంతోపాటు ఇంకో ఆలోచన కూడా జరిగింది. ఇంటింటికీ ఫోను ఇచ్చేంత డబ్బూ లేదు, లైన్లూ లేవు. సరే, వీధికొక ఫోను ఇద్దాం. దాన్ని చూసుకోవడానికి జీతగాడు ఎందుకు, ఊళ్లోవాళ్లకే కమీషన్ మీద ఇద్దాం. బూత్‌ల కేటాయింపులో దివ్యాంగులకు ప్రాధాన్యం ఇచ్చారు. అలా పుట్టిందే పసుపు బోర్డు.

ఎర్ర అంకెల భయం

పసుపు మీద నల్లక్షరాలతో "ఎస్టీడీ, ఐఎస్‌డీ, పీసీవో" అనే బోర్డు 90లలో లేని సెంటర్ ఉండేది కాదు. లోపల అద్దాల గది, గదిలో ఫోను, దాని పైన ఎర్ర అంకెలు మెరిసే మీటరు.

ఆ మీటరే ఇక్కడ అసలు యంత్రం. బూత్ నడిపే మనిషి కాగితం మీద టైము రాసుకుంటే గొడవలే. "రెండు నిమిషాలే మాట్లాడా", "కాదు మూడు". అందుకని లెక్క ఎక్స్ఛేంజే చెప్పేలా చేశారు. మన కాల్ అవతల కలవగానే ఎక్స్ఛేంజ్ నుంచి బూత్‌కు పల్స్‌లు వస్తుంటాయి. మన మాటకు అడ్డం రాకుండా, మామూలుగా చెవికి అందని 16 కిలోహెర్ట్జ్ శబ్దంలో వాటిని పంపేవాళ్లు. మీటరు ఒక్కో పల్స్‌ను లెక్కపెట్టి రూపాయల్లోకి మార్చి చూపిస్తుంది. ఎంత దూరం మాట్లాడితే పల్స్‌లు అంత దగ్గరదగ్గరగా వస్తాయి. ఫోను పెట్టేశాక చిన్న ప్రింటర్ "కిర్ర్ర్" మంటూ బిల్లు కక్కుతుంది. నంబరు, సెకన్లు, రూపాయలు అన్నీ అందులోనే. ఇంక వాదనకు చోటేది?

మన ప్రాంతంలో ఈ మీటరు విలువ ఇంకా ఎక్కువ. కొల్లేరు చుట్టూ ఉన్న ఊళ్లు చూపుకి ఒకదానికొకటి ఎదురుగానే ఉంటాయి. ఫోను కోడ్‌లు మాత్రం వేరు. ఏలూరు 08812, తాడేపల్లిగూడెం 08818, భీమవరం 08816. సరస్సుకు అవతలున్న కైకలూరు కృష్ణా జిల్లా కాబట్టి 08677. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి కైకలూరు ఏలూరు జిల్లాలో కలిసింది. పాత కోడ్ మాత్రం పాత జిల్లాను గుర్తుచేస్తూ అలాగే ఉంది.

చేపల వ్యాపారికి హౌరా మార్కెట్ రేటు తెలియాలి. ఐసు వేసిన శీలావతి, బొచ్చె లారీలో కోల్‌కతా వైపు బయల్దేరాక రేటు పడిపోయిందంటే, ఆ కబురు ఎంత ముందు తెలిస్తే అంత మేలు. గూడెంలో ఉల్లి వ్యాపారికి కర్నూలు ధరా, మహారాష్ట్ర ధరా రెండూ కావాలి. గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేసే తల్లులకు పిల్లల గొంతు కావాలి. అక్కడికి ఐఎస్‌డీ అంటే నిమిషానికి పదుల రూపాయలు. ఏడుపు కూడా లెక్కలోకే వచ్చేది. అందుకే రాత్రి పొద్దుపోయాక పావు రేటు మొదలయ్యే వేళకి బూత్‌ల ముందు క్యూలు కట్టేవాళ్లు. అందరి కళ్లూ ఎర్ర అంకెల మీదే. ఇంకో పల్స్ పడేలోపు "ఉంటానే, మళ్లీ చేస్తా" అని ఠక్కున పెట్టేసేవాళ్లు.

రూపాయి బిళ్ళ తెలివి

బూత్ పెట్టేంత చోటు లేని కిళ్లీ కొట్టుకు ఇంకో యంత్రం వచ్చింది. రూపాయి కాయిన్ బాక్స్. దీనికి మనిషి కాపలా అక్కర్లేదు.

దీని పద్ధతి తమాషాగా ఉండేది. నంబరు నొక్కాలి. అవతలివాళ్లు ఎత్తగానే ఒక బీప్ వస్తుంది. అప్పుడు రూపాయి బిళ్ళ వెయ్యాలి. వేసేదాకా వాళ్ల "హలో" మనకు వినపడుతుంది, మన మాట వాళ్లకు వినపడదు. ఎందుకలా పెట్టారు? ముందే నాణెం తీసుకుంటే, అవతల ఎవరూ ఎత్తనప్పుడు దాన్ని వెనక్కివ్వాలి. వెనక్కిచ్చే యంత్రాంగం అంటే ఖర్చు, పైగా మొరాయిస్తుంది. అదే ఫోను ఎత్తాకే తీసుకుంటే వెనక్కిచ్చే పనే ఉండదు! మూడో చిక్కుముడిని విప్పకుండా దాన్ని పడనివ్వకుండానే చేశారన్నమాట.

అవతల ఎత్తినట్టు డబ్బాకు తెలిసేది కూడా సులువైన పద్ధతిలోనే. టెలిఫోన్ తీగల్లో ఎప్పుడూ కొద్దిగా కరెంటు ఉంటుంది. అవతలి ఫోను ఎత్తగానే ఎక్స్ఛేంజ్ ఆ కరెంటు దిశను తిప్పేస్తుంది. ప్లస్ మైనస్ అవుతుంది, మైనస్ ప్లస్ అవుతుంది. డబ్బా దాన్ని పట్టుకుని "ఇప్పుడు వెయ్" అంటుంది.

మనవాళ్లు దీని సందు కూడా కనిపెట్టారు. ఒక రింగ్ ఇచ్చి పెట్టేస్తే "బయల్దేరా" అని. రెండు రింగులైతే "ఇంటికి చేరా" అని. పైసా ఖర్చు లేదు. ఈ దేశంలో మిస్డ్ కాల్ భాషకు బీజం ఇక్కడే పడింది.

వెనక్కిచ్చే యంత్రం

అమెరికాలో దీనికి ఎదురు దారి పట్టారు. 1898లో షికాగోలో ముందే డబ్బు వేసే ఫోన్లు వచ్చాయి. డబ్బు ముందు తీసుకుంటున్నారు కాబట్టి, వెనక్కిచ్చే బాధ్యత కూడా యంత్రం మీదే పడింది. అక్కడ స్థిరపడిన పద్ధతి ఇది: నాణెం నేరుగా గల్లాపెట్టెలోకి పడదు. మధ్యలో చిన్న తొట్టెలాంటి దాంట్లో ఆగుతుంది. కాల్ కలిస్తే ఎక్స్ఛేంజ్ ఒక దిశలో కరెంటు పంపుతుంది, నాణెం పెట్టెలోకి జారుతుంది. కలవకపోతే ఎదురు దిశలో పంపుతుంది, నాణెం కింది గూట్లోకి మన చేతికి వస్తుంది.

ఈ తొట్టెను కాసేపు మనసులో పెట్టుకోండి. నాణెం అందులో ఉన్నంతసేపూ అది మనదీ కాదు, కంపెనీదీ కాదు. పని జరిగితే వాళ్లది, జరక్కపోతే మనది. మన రైల్వే స్టేషన్లలో లైట్లు మిలమిలలాడే బరువు తూచే యంత్రాలు ఉండేవి కదా. వాటికి ఈ మర్యాద తెలీదు. నాణెం మింగేసి అట్టముక్క టికెట్ ఇవ్వకపోతే, దాన్ని ఒకసారి గుద్ది వెళ్లిపోవడమే.

డబ్బు తీసుకునే యంత్రం చెయ్యడం తేలిక. న్యాయంగా వెనక్కిచ్చే యంత్రం చెయ్యడంలోనే ఇంజినీరు పనితనం బయటపడుతుంది.

బూత్ ఖాళీ అయింది

తర్వాతి కథ మీకు తెలిసిందే. 2003 మే నుంచి ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితమయ్యాయి. 2006 మార్చిలో బీఎస్‌ఎన్‌ఎల్ "వన్ ఇండియా" పేరుతో దేశంలో ఎక్కడికైనా నిమిషం రూపాయికే అంది. 2009లో సెకనుకు పైసా లెక్కలొచ్చాయి. ఎర్ర అంకెలకు భయపడేవాళ్లు లేరు. పసుపు బోర్డు వెనకే రీఛార్జ్ కొట్టు వెలిసింది, తర్వాత జిరాక్స్, ఆ తర్వాత మొబైల్ కవర్లు. చాలాచోట్ల అదే గది, అదే మనిషి.

ఆ మనిషి గురించి ఒక్క మాట. మీటరు లెక్క చూసుకుంటున్నా, బూత్‌లో మనిషి ఉండేవాడు. చదువు రాని పెద్దావిడ చీటీ మీద రాయించుకొచ్చిన నంబరు ఆయనే నొక్కి పెట్టేవాడు. చిల్లర తక్కువైతే "రేపివ్వండి" అనేవాడు. లైను మధ్యలో తెగితే "ఇంకోసారి చెయ్యండమ్మా" అనేవాడు. మూడో చిక్కుముడి దగ్గర యంత్రం చేతులెత్తేసినప్పుడు ఆయనే విప్పేవాడు. యంత్రానికి లేని విచక్షణ ఆయన కుర్చీలో ఉండేది.

పొలుసు అంటుకున్నా స్కాన్ అవుతుంది

ఇప్పుడు ఆ కుర్చీ లేదు. ప్లాస్టిక్ అట్ట మీద నలుపు తెలుపు గళ్లు ఉన్నాయి.

క్యూఆర్ కోడ్‌ను 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ కంపెనీ ఇంజినీరు మసాహిరో హరా బృందం తయారుచేసింది. కార్ల విడిభాగాల లెక్క కోసం. గో అనే బల్లాటలో నలుపు తెలుపు గవ్వల అమరిక చూసి ఆయనకు ఆలోచన తట్టింది. పేటెంట్ ఉన్నా, అందరూ వాడుకోండని కంపెనీ వదిలేసింది. అందుకే ఇవాళ తోపుడు బండికి కూడా వచ్చింది. ఇంకో గొప్ప సంగతి ఏంటంటే, అందులో సమాచారం కాస్త అదనంగా దాచి ఉంటుంది. ఎక్కువ స్థాయి రక్షణతో ముద్రిస్తే దాదాపు 30 శాతం గళ్లు పాడైనా చదవగలదు. చేపల మార్కెట్లో అట్ట మీద నీళ్లు పడి, ఓ మూల పొలుసు అంటుకున్నా "టింగ్" మంటుంది చూశారా, అదీ కారణం.

మనమే యజమాని అని యంత్రానికి ఎలా తెలుస్తుంది? పిన్. లండన్‌లో 1967లో బార్‌క్లేస్ బ్యాంకు ఏటీఎం పెట్టిన జాన్ షెపర్డ్-బ్యారన్ మన షిల్లాంగ్‌లో పుట్టినవాడే. ముందు ఆరంకెలు అనుకున్నాడట. నాకు నాలుగే గుర్తుంటాయి అని భార్య అనడంతో నాలుగుకు దిగాడట. మన యూపీఐ పిన్ నాలుగో ఆరో అంకెలు ఉంటుంది. ఆ ఇంటి చర్చ ఇంకా తెగినట్టు లేదు.

కారు వేసుకుని ఏలూరు మీదుగా వెళ్తే ఇటు కలపర్రు, అటు ఉంగుటూరు టోల్‌గేట్లు. అద్దం మీది ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఉండదు. గేటు పైనున్న యాంటెనా పంపే రేడియో తరంగాల శక్తితోనే అది మేలుకుని తన నంబరు చెబుతుంది. 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి చేశారు. ఇందులో చాలామందికి తెలియని నిబంధన ఒకటుంది. మీ ట్యాగ్ సరిగ్గా ఉండి, ఖాతాలో డబ్బు ఉండి, టోల్‌గేట్ యంత్రం పాడవడం వల్ల చదవలేకపోతే, మీరు డబ్బు కట్టక్కర్లేదు. సున్నా రూపాయల రసీదు ఇచ్చి పంపాలి. యంత్రం ఎవరిదో తప్పు వాళ్లది. ఎంత బాగుంది!

గాల్లో ఆగిన రూపాయి

మరి చేపల మార్కెట్లో డబ్బా అరవనప్పుడు?

మీరు పిన్ కొట్టగానే ఆ మాట మీ బ్యాంకుకు వెళ్తుంది. మధ్యలో ఎన్‌పీసీఐ. అవతల అమ్మేవాళ్ల బ్యాంకు. మీ ఖాతాలో తీసెయ్యడం, వాళ్ల ఖాతాలో వెయ్యడం రెండు వేరువేరు పనులు. మొదటిది అయి, రెండోదాని జవాబు రాకపోతే తెర మీద "పెండింగ్" అని తిరుగుతూ ఉంటుంది. మీ రూపాయి ఆ పాత ఫోను తొట్టెలోనే ఉందన్నమాట. తేడా ఏంటంటే ఆ తొట్టె మీ చేతికందేంత దూరంలో ఉండేది. ఇది కనపడదు.

అయితే దీనికీ రూలు ఉంది. 2019 సెప్టెంబర్ 20న రిజర్వ్ బ్యాంకు గడువులు పెట్టింది. ఇవి గుర్తుపెట్టుకోండి:

మనిషికి పంపిన డబ్బు మీ ఖాతాలో తగ్గి వాళ్లకు చేరకపోతే, మర్నాటికల్లా దానంతట అదే వెనక్కి రావాలి.

కొట్టులో కట్టిన డబ్బు అయితే ఐదు రోజుల్లోగా తేలాలి. ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో తగ్గినా అదే ఐదు రోజులు.

గడువు దాటితే రోజుకు 100 రూపాయలు మీకు పరిహారం ఇవ్వాలి. మీరు ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా వాళ్లంతట వాళ్లే ఇవ్వాలి.

ఎంతమందికి తెలుసు ఇది? నలభై రూపాయల టీ టిఫిన్ ఆగిపోతే "పోనీలే" అంటాం. పైగా రోజుకు వంద అడగొచ్చంటే నవ్వుతాం. కానీ రోజంతా బజార్లో కూర్చునే ఆవిడకు అలాంటి "పోనీలే"లు నాలుగు తగిలితే ఆ రోజు లాభం అక్కడే పోతుంది. కొనేవాడు "నాకు కట్ అయింది చూడండి" అని తెర చూపిస్తాడు. ఆయన అబద్ధమాడట్లేదు. ఆవిడకు రాలేదు, ఆవిడా అబద్ధమాడట్లేదు. యంత్రం తప్పుకి ఇద్దరు నిజాయితీపరులు ఒకరినొకరు అనుమానించుకోవాల్సి వస్తోంది. దీంట్లోకి దొంగ యాప్‌లతో నకిలీ తెర చూపించేవాళ్లు దూరారు. దాంతో నిజంగా కట్టినవాడి మాటకూ విలువ పోయింది.

కాబట్టి ఇలా చెయ్యండి. డబ్బా అరవకపోతే ముందు మీ బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిందో లేదో చూడండి. యాప్‌లో 12 అంకెల లావాదేవీ నంబరు ఉంటుంది, దాన్ని అమ్మేవాళ్లకు రాసివ్వండి, మీ ఫోన్ నంబరు కూడా. కుదిరితే నగదు ఇచ్చెయ్యండి. ఆగిన డబ్బు మీదైతే రూలు ప్రకారం వెనక్కి వస్తుంది. ఆవిడకి ఆలస్యంగా పడిందా, ఆవిడ మీకు ఫోన్ చేస్తుంది. గడువు దాటితే యాప్‌లోనే ఫిర్యాదు పెట్టి, బ్యాంకుకు కూడా రాయండి. మోసం జరిగిందనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి. ఇంకోటి, పిన్ కొట్టేది డబ్బు పంపడానికే. డబ్బు తీసుకోవడానికి పిన్ అడిగారంటే వాడు దొంగే.

అడక్కుండా తీసుకునేది

ఇప్పటిదాకా చెప్పిన యంత్రాలన్నీ మనం డబ్బు వేసేదాకా ఆగేవి. 2020 జూలైలో వచ్చిన యూపీఐ ఆటోపే మాత్రం ఆగదు. ఒక్కసారి ఒప్పుకుంటే నెలనెలా దానంతట అదే తీసుకుంటుంది. చాలా రకాల చెల్లింపులకు 15,000 రూపాయల దాకా మళ్లీ పిన్ అడగదు. కరెంటు బిల్లుకు, సిప్‌కు బానే ఉంటుంది. కానీ "మొదటి నెల ఒక్క రూపాయే" అని ఊరించిన యాప్‌కు కూడా మీరు అప్పుడెప్పుడో సరేనని ఉంటారు. డబ్బు తీసే ముందు 24 గంటల నోటీసు రావాలి. వస్తుంది కూడా, మీరు చూడకుండా పక్కకు తోసేసే యాభై నోటిఫికేషన్ల మధ్య.

ఈ ఆదివారం ఓ పని చెయ్యండి. మీ యూపీఐ యాప్ తెరిచి ఆటోపే జాబితా చూడండి. అక్కర్లేనివి రద్దు చెయ్యండి. ఎర్ర అంకెలు చూస్తూ సెకన్లు లెక్కపెట్టిన మీ అమ్మానాన్నల తరానికి, డబ్బు ఎప్పుడు పోతోందో కళ్లెదురుగా కనిపించేది. మనకు కనిపించట్లేదు. వెతుక్కుని చూసుకోవాలి.

లంకల్లో ఎలా?

చివరగా, ఈ యంత్రాలన్నీ సిగ్నల్ ఉన్నవాళ్లకీ స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లకీ. కొల్లేటి లంక గ్రామాల్లో, చెరువు గట్ల మీద కాపలా కాసేవాళ్ల చేతుల్లో బటన్ల ఫోన్లు ఇంకా ఉన్నాయి. వాళ్లకూ దారి ఉంది. నెట్ లేకపోయినా స్టార్ 99 హ్యాష్ కొడితే డబ్బు పంపొచ్చు. 2022 మార్చిలో రిజర్వ్ బ్యాంకు "యూపీఐ 123పే" తెచ్చింది. మామూలు ఫోను నుంచి నంబరుకు కాల్ చేసి, లేదా మిస్డ్ కాల్ ఇచ్చి చెల్లించే పద్ధతులు అందులో ఉన్నాయి. ఫోను దగ్గర పెడితే శబ్దం ద్వారా డబ్బు కట్టే పద్ధతి కూడా ఉంది. చూశారా, ఒక్క రింగ్ భాషా తిరిగొచ్చింది, గ్రే గంటా తిరిగొచ్చింది.

కానీ ఇవి ఉన్నాయని ఆ గట్టు మీది మనిషికి ఎవరు చెబుతారు? బూత్ ఉన్నప్పుడు బూత్ ఆయన చెప్పేవాడు. ఇప్పుడు మీ ఇంట్లో ఆ కుర్చీ మీదే. తాతయ్యకు ఒకసారి చేసి చూపించండి. పిన్ మీరు పెట్టకుండా ఆయనతోనే పెట్టించండి. డబ్బు ఆగితే ఎన్ని రోజుల్లో రావాలో చీటీ మీద పెద్దక్షరాలతో రాసి, ఫోన్ కవర్ వెనకాల పెట్టండి. మరునాడు, ఐదు రోజులు, రోజుకు 100. ఆ మూడు ముక్కలు చాలు.